పోచారం మత్తడి చూడబోయేవారికి నాలుగు మాటలు

ఎల్లారెడ్డి: వానలు ముదిరి పోచారం నిండిందన్న కబురు తెలిస్తే చాలు, ఆదివారం నాడు ఎల్లారెడ్డి - మెదక్ రోడ్డు మీద సందడి మొదలవుతుంది. కామారెడ్డి, బాన్సువాడ, మెదక్ వైపుల నుంచే కాక హైదరాబాదు నుంచి కూడా జనం పిల్లాజెల్లాతో తరలివస్తారు. మోటారు సైకిళ్ళు, కార్లు, ఆటోలు రోడ్డు పక్కన బారులు తీరుతాయి. పొడవాటి రాతికట్ట మీదుగా నీరు తెల్లని నురగలతో దుముకుతూ ఉంటే చూసేవారికి కన్నుల పండువగా ఉంటుంది. దీనినే పుస్తకాలలో అలుగు పారడమంటారు. మన ఊళ్ళలో మాత్రం మత్తడి దుంకుతున్నదనే అంటాము.

చూడదగిన దృశ్యమే. వెళ్ళవద్దని చెప్పేవారెవరూ లేరు. అయితే అక్కడికి వచ్చేవారిలో చాలామందికి తాము వచ్చింది ఎలాంటి చోటికో తెలియదు. అది సినిమా తీసేందుకు కట్టిన జలపాతం కాదు. ఎదురుగా కనిపించే నీరు నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల వరి పొలాల నీరు. చుట్టూ కనిపించే చెట్లు చట్టం కింద రక్షణ పొందిన అభయారణ్యం. ఆ నీటి మీద, ఆ అడవి అంచున బతికే ఊళ్ళు ఉన్నవి. సెలవు రోజున వచ్చేవారు సాయంత్రానికి వెళ్ళిపోతారు. వారు వదిలి వెళ్ళినవి మాత్రం ఈ ఊళ్ళవారి పాలిట మిగిలిపోతాయి.

నీటి ఒడ్డుకు వెళ్ళి ఒక పూట గడపడం మనవారికి కొత్త విషయమేమీ కాదు. బతుకమ్మను చెరువులోనే సాగనంపుతాము. కార్తీకంలో చెట్టు కింద వనభోజనాలు చేస్తాము. చెరువు నిండితే ఊరంతా కట్ట మీదకు వెళ్ళి చూసి, గంగమ్మకు దండం పెట్టి వచ్చేవారు. కొత్తగా వచ్చిందల్లా ఎక్కడెక్కడి జనమో ఒకే చోట, ఒకే రోజున గుమిగూడడం. మన పెద్దలు తమ ఊరి చెరువు వద్ద ఎక్కడ దిగాలో, ఎక్కడ దిగరాదో చిన్నప్పటి నుంచి ఎరిగినవారు. పరాయి చెరువు వద్ద ఆ ఎరుక ఎవరికి ఉంటుంది?

వందేళ్ళు దాటిన కట్ట

పోచారం ప్రాజెక్టు నిజాం ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1922లో పూర్తయింది. మంజీరలో కలిసే ఆలేరు వాగుకు అడ్డంగా రాతితో, సున్నంతో దీనిని కట్టారు. మెదక్‌లోని పెద్ద చర్చిని 1914లో మొదలుపెట్టి 1924లో పూర్తి చేశారు. అంటే ఆ చర్చి, ఈ కట్ట ఇంచుమించు ఒకే కాలంలో లేచినవి. చర్చి చూడడానికి వెళ్ళినవారు సుమారు 15 కిలోమీటర్లు ఇటు వస్తే పోచారం చేరతారు. ఒకే రోజున రెండూ చూసి పోయేవారు ఎందరో ఉన్నారు.

ఈ జలాశయం కింద ఆయకట్టు 10,500 ఎకరాలు. కట్టిన నాడు సుమారు 2.4 టీఎంసీల నీరు పట్టేది. వాగులు ఏటేటా మోసుకొచ్చే ఒండ్రు మట్టి అడుగున పేరుకుపోయి ఇప్పుడు పట్టేది 1.82 టీఎంసీలే. అంటే నాలుగింట ఒక పాలు నీటి చోటును పూడిక మింగివేసిందన్న మాట. అందుకే వానాకాలం పంటకు దిగులు లేకపోయినా, యాసంగి వచ్చేసరికి ఈ నీళ్ళు ఎన్ని ఎకరాలకు చాలుతాయన్న లెక్కలు ఆయకట్టులో మొదలవుతాయి. మత్తడి మీదుగా దుమికే నీరు చూసేవారికి వినోదం. కింది రైతుకు మాత్రం అది ఈ ఏడు జలాశయం నిండిందన్న శుభవార్త. పొంగిపోయిన ఆ నీరు కూడా వృథా కాదు. మంజీరలో కలిసి నిజాంసాగర్‌కు చేరుతుంది.

పోచారానికీ నిజాంసాగర్‌కూ ఉన్న ఒక పెద్ద తేడాను సందర్శకులు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. నిజాంసాగర్‌కు గేట్లు ఉన్నవి. గేట్లు ఎత్తాలంటే ఇంజనీర్లు నిర్ణయించాలి, కింది గ్రామాలకు కబురు పెట్టాలి. పోచారం మత్తడికి గేట్లు లేవు. జలాశయం నిండితే నీరు దానంతటదే దుముకుతుంది. ఎగువన ఎంత వాన పడితే అంత వస్తుంది. కామారెడ్డి, లింగంపేట వైపు గుట్టల మీద రాత్రి కురిసిన వాన వాగుల వెంట నడిచి నడిచి తెల్లవారిన తర్వాత ఇక్కడికి చేరవచ్చు. అప్పటికి పోచారం వద్ద ఎండ కాస్తూ ఉండవచ్చు. ఆకాశం తేటగా ఉన్నది కదా అని మత్తడి కిందికి దిగినవానికి ముందుగా చెప్పే గంట గానీ కూత గానీ ఉండదు.

2025 ఆగస్టు 27, 28 తేదీలలో ఏమి జరిగిందో ఈ ప్రాంతంవారు మరిచిపోలేదు. కామారెడ్డి జిల్లా రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 43 సెంటీమీటర్ల వాన కురిసింది. కామారెడ్డి పట్టణంలో ఇళ్ళలోకి నీరు వచ్చింది. భిక్కనూరు - తలమడ్ల వద్ద రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. ఆ నీటిలో పెద్ద భాగం పోచారం మీద పడింది. కట్టిన ఇంజనీర్లు ఎంత వరదను ఊహించి కట్టారో అంతకు చాలా మించి వచ్చింది. మత్తడి ఏదో, కట్ట ఏదో కనపడకుండా నీరు పారింది. కట్ట అంచున మట్టి కోసుకుపోయింది. మెదక్ రోడ్డు కోతకు గురై రాకపోకలు నిలిచిపోయాయి. కట్ట తెగుతుందేమోనని కింది గ్రామాలవారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గడిపారు. నూటమూడేళ్ళ రాతికట్ట నిలిచింది. ఈనాటి సిమెంటు రోడ్లు తెగిన చోట ఆనాటి సున్నపు కట్ట నిలవడం గురించి జనం ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

కట్ట నిలిచింది కాబట్టి మనిషి కూడా దాని మీద నిలబడవచ్చునని మాత్రం ఎవరూ అనుకోరాదు.

మత్తడి వద్ద ప్రమాదం ఎలా వస్తుంది

నీటిలో మునిగిపోయేవారు ఈత రానివారే అని చాలామంది నమ్మకం. మత్తడి దగ్గర ఈ నమ్మకం పనికిరాదు. పై నుంచి పడే నీరు నేలను తాకి ముందుకు పోతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి పైపొరలోని నీరు కొంత వెనుదిరిగి మళ్ళీ మత్తడి వైపే వస్తుంది. ఆ సుడిలో చిక్కినవాడు ముందుకు ఈదినా వెనక్కే లాగబడతాడు. పడే నీరు వానిని కిందికి నొక్కుతుంది. నురగలో గాలి ఎక్కువ కాబట్టి మనిషి తేలడం కూడా కష్టం. బావిలో, చెరువులో బాగా ఈదేవారు సైతం ఇక్కడ ఓడిపోవడానికి కారణం ఇదే.

రెండవది పాచి. నెలల తరబడి నీరు పారిన రాయి మీద పచ్చని పాచి పడుతుంది. చెప్పులతో అడుగుపెట్టినా, ఉత్త కాళ్ళతో అడుగుపెట్టినా జారుతుంది. నీరు చీలమండ దాకానే ఉన్నది కదా అనుకుంటారు. జోరుగా పారే నీరు జానెడు లోతున్నా చాలు, పెద్దమనిషి కాళ్ళు తప్పించగలదు. రెండడుగుల లోతు పారితే కారును సైతం నెట్టుకుపోతుంది. రోడ్డు మీదుగా వాగు పారుతున్నప్పుడు బండి దాటించబోయేవారు ఈ లెక్క మనసులో పెట్టుకోవాలి.

ఇక సెల్‌ఫోన్ సంగతి. సెల్ఫీ తీసుకునేవాడు నీటికి వీపు పెట్టి నిలబడతాడు. వాని కన్ను ఫోన్ మీద ఉంటుంది. ఫోటో బాగా రావాలని ఒక అడుగు వెనక్కి వేస్తాడు. అక్కడ రాయి ఉన్నదో, నీరు ఉన్నదో చూసేవారుండరు.

మన రాష్ట్రంలో చెరువుల వద్ద, ప్రాజెక్టుల వద్ద జరిగే ప్రమాదాలలో తరచు కనిపించే సంగతి మరొకటి ఉన్నది. ఒకరు మునుగుతారు. వారిని కాపాడబోయి అన్న, ఆ వెనుక స్నేహితుడు, ఆ వెనుక తండ్రి దిగుతారు. ఒక్కరితో పోవలసినది ఇంటిల్లిపాదినీ తీసుకుపోతుంది. కాబట్టి మునుగుతున్నవాని కోసం నీటిలోకి దూకరాదు. గట్టున పడుకుని చేతికర్ర గానీ, కట్టె గానీ అందించాలి. తాడు లేకపోతే చీరలు, తువ్వాళ్ళు ముడివేసి విసరాలి. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా, నీళ్ళ డబ్బా విసిరినా పట్టుకుని తేలవచ్చు. వనభోజనానికి వచ్చినవారి వద్ద ఈ వస్తువులన్నీ ఉండేవే. దగ్గరలో చేపలు పట్టేవారుంటే కేక వేయాలి. ఈ నీటి పోకడ వారికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు. 112కు, 108కి ఫోన్ చేయాలి.

వేసవిలో మరో రకం ప్రమాదం. నీరు అడుగంటినప్పుడు జలాశయం లోపలి దాకా నడిచిపోవచ్చు. పైన ఎండి పగుళ్ళు పట్టిన నేల కింద మెత్తని బురద ఉంటుంది. పశువులే దిగబడుతాయి. మట్టి తవ్విన చోట్ల గుంతలుంటే, తొలకరిలో పలుచని నీరు చేరగానే ఆ గుంతలు కనపడవు. పిల్లల చేయి విడువరాదు.

గాజు పెంకులు ఎవరి కాలిలో దిగుతాయి

సెలవు గడపడానికి వచ్చేవారిలో అందరూ పాలు తాగేవారు కారన్నది తెలిసిందే. తాగిన సీసాను రాతికి కొట్టి పగలగొట్టడంలో ఏమి సంతోషమున్నదో ఈ విలేఖరికి ఏనాడూ అర్థం కాలేదు. ఆ పెంకు అక్కడే ఉండదు. మత్తడి నీటితో దొర్లుతుంది, కాలువలో పడుతుంది, పొలంలోకి చేరుతుంది. నాటు వేసే ఆడవారు మోకాలు లోతు బురదలో ఉత్త కాళ్ళతో నడుస్తారు. బురదలో పెంకు కనపడదు. నాట్ల రోజులు ఏడాదికి కొన్నే. ఆ రోజులలో కాలు తెగితే వారం పది రోజుల కూలి పోయినట్టే. ఆసుపత్రి ఖర్చు దానికి అదనం. ఆదివారం నాటి సరదాకు ఆ కూలి మనిషి కట్టే జరిమానా అది. చేపలు పట్టేవారి వలలు తెగేదీ, కాళ్ళు తెగేదీ కూడా ఇలాగే.

ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, థర్మాకోల్ సామగ్రి 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. మన అడవిలోనే మోదుగ చెట్లు ఉన్నవి. మోదుగాకు విస్తరిలో తిన్న తిండికి వచ్చే కమ్మదనం ప్లాస్టిక్ పళ్ళెంలో ఎన్నడూ రాదు. తిన్న తరువాత విస్తరిని పశువు తిన్నా, మన్నులో కలిసినా ఎవరికీ నష్టం లేదు.

పోచారం అభయారణ్యం సుమారు 130 చదరపు కిలోమీటర్లు. నిజాముల కాలంలో ఇది వేట అడవి. 1952లో అభయారణ్యమైంది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడిన తరువాత ఈ అడవి కామారెడ్డి, మెదక్ జిల్లాలలో పరుచుకుని ఉన్నట్టయింది. టేకు, తునికి, మోదుగ చెట్ల మధ్య చుక్కల దుప్పులు, కణుజులు, మనుబోతులు, కొండగొర్రెలు, అడవి పందులు తిరుగుతవి. ఎలుగుబంట్లు, చిరుతలు కూడా ఉన్నవి. పొద్దుగూకిన తరువాత అడవి దారిలో ఆగరాదని అటవీ శాఖవారు చెప్పేది ఊరికే కాదు.

దారిలో మెదక్ జిల్లా హవేళిఘనపూర్ మండలం పరిధిలో జింకల పెంపక కేంద్రం ఉన్నది. పిల్లలకు దుప్పులను, మనుబోతులను దగ్గరగా చూపించాలనుకునే వారు ఇక్కడ ఆగడం మంచిది. బిస్కెట్లు, కారప్పూస పెట్టరాదు. ఉప్పు వాసన తగిలిన ప్లాస్టిక్ సంచిని కూడా జింక నమిలి మింగుతుంది. అది కడుపులో అడ్డంపడి చచ్చిపోతుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో జంతువులను బెదిరించడం, చెత్త వేయడం, నిప్పు పెట్టడం, అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశించడం నేరాలు. లోపలికి వెళ్ళాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. వంట చేసుకునేవారు పొయ్యి సంగతి జాగ్రత్తగా ఆలోచించాలి. మాఘం దాటితే అడవిలో ఆకు రాలి గలగలలాడుతూ ఉంటుంది. మూడు రాళ్ళ పొయ్యిలో ఆరకుండా వదిలిన ఒక్క నిప్పు కణిక గాలికి లేచి ఎకరాల కొద్దీ తగులబెట్టగలదు. ఇంటి నుంచి సద్ది కట్టుకుని పోతే ఈ బాధే లేదు.

కోతుల మాట చెప్పకపోతే ఈ ప్రాంత రైతులు ఒప్పుకోరు. అడవి రోడ్డు మీద కారు ఆపి కోతులకు అరటిపళ్ళు, రొట్టె ముక్కలు వేయడం పుణ్యమని పట్నంవారు అనుకుంటున్నారు. ఆ పుణ్యం వల్ల కోతి అడవిలో పండు వెతుక్కోవడం మానేసి రోడ్డు మీద కూర్చుంటున్నది. బండ్ల కింద పడి కొన్ని చస్తున్నవి. మనిషంటే బెదురు పోయిన తరువాత మిగిలినవి ఊళ్ళ మీద పడుతున్నవి. మక్క కంకి వేసినవారు, కూరగాయలు పెట్టినవారు పగలంతా కావలి కాయవలసి వస్తున్నది. కోతుల బాధకు మక్క వేయడమే మానుకున్న రైతులున్నారు. దయ ఉన్నవారు కోతికి ఏమీ వేయకుండా వెళ్ళిపోవడమే అసలైన దయ.

వచ్చినవారి వల్ల ఊరికి ఏమి లాభం

అమెరికాలో నయాగరా జలపాతం చుట్టూ భూములు ఒకప్పుడు ప్రైవేటు ఆసాములవి. వారు కంచెలు కట్టి, కంచె రంధ్రంలో నుంచి జలపాతం చూడడానికి డబ్బు తీసుకునేవారట. 1885లో న్యూయార్కు రాష్ట్ర ప్రభుత్వం ఆ భూములు కొని ప్రజల ఉద్యానవనంగా మార్చింది. నీటి అందం అందరిదీ అని అక్కడ పోరాడి సాధించుకోవలసి వచ్చింది. మన పోచారం మత్తడిని చూడడానికి ఏ ఆసామీ అడ్డం లేడు. ఇది మన అదృష్టం. కాని అందరిదీ అన్నది ఎవరిదీ కానట్టు మారితే శుభ్రం చేసేవారు, కాపాడేవారు కరువవుతారు.

గ్రామస్థులు అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. మత్తడి పారే రోజులలో, ముఖ్యంగా ఆదివారాలు, సెలవు రోజులలో పోలీసు, నీటిపారుదల సిబ్బంది అక్కడ ఉండాలి. ఎక్కడి దాకా పోవచ్చో తెలిసేలా గట్టి కంచె, తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాల బోర్డు ఉండాలి. మంచి స్థితిలో ఉన్న తాళ్ళు, గాలి నింపిన ట్యూబులు అందుబాటులో వేలాడదీయాలి. ఆడవారికి మరుగుదొడ్డి ఉండాలి. రోజంతా పిల్లలతో వచ్చిన తల్లులు పడే అవస్థ చెప్పనలవి కానిది. సీసాలు వేయడానికి చోటు, వాటిని తీసుకుపోయే బండి ఉండాలి.

వీటికయ్యే ఖర్చు కొంత బండ్లు నిలిపే చోట రుసుముగా తీసుకుని, ఆ సొమ్మును ఆ గ్రామ పంచాయతీకే ఇస్తే అడిగేవారికీ ఇచ్చేవారికీ అర్థముంటుంది. కాల్చిన మక్క కంకులు, వేయించిన చేపలు, వానలు వెనకబట్టాక అడవి సీతాఫలాలు అమ్ముకునే ఆడవారికి నీడ చూపించినా చాలు. బయటి నుంచి వచ్చేవారు చిప్స్ పొట్లాలు సంచుల నిండా తెచ్చుకునే బదులు వీరి వద్ద కొంటే వీరికి నాలుగు రూపాయలు మిగులుతాయి, అక్కడ పొట్లాల చెత్తా మిగలదు. బేరమాడేటప్పుడు ఆ సీతాఫలం గుట్ట ఎక్కి కోసుకొచ్చినదని, తలమీద గంపతో దిగి వచ్చినదని గుర్తుంచుకుంటే మంచిది.

ఎప్పుడు వెళ్ళాలి, ఎలా వెళ్ళాలి

రైలు మీద వచ్చేవారు కామారెడ్డిలో దిగి ఎల్లారెడ్డి బస్సు ఎక్కాలి. ఎల్లారెడ్డి నుంచి మెదక్ వెళ్ళే దారిలో నాగిరెడ్డిపేట మండలంలో పోచారం వస్తుంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్ర మహిళలకు 2023 డిసెంబరు నుంచి ఛార్జీ లేదు. ఆధార్ కార్డు వెంట ఉంచుకుంటే చాలు. తిరుగు బస్సు సమయం ముందే అడిగి తెలుసుకోవాలి.

అందరూ మత్తడి కోసం వానాకాలంలోనే వస్తారు గాని, రద్దీ ఇష్టం లేనివారికి శీతాకాలమే మేలు. కార్తీకం నుంచి మాఘం దాకా నీరు నిలకడగా ఉంటుంది, ఎండ హాయిగా ఉంటుంది. ఆ రోజులలో జలాశయం మీదకు వలస పక్షులు వస్తాయి. తల మీద రెండు నల్లని పట్టీలున్న పెద్ద బాతులు టిబెట్, మధ్య ఆసియా వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తాయి. ఇటుక రంగు బాపన బాతులూ వస్తాయి. నత్తలు ఏరుకు తినే నత్తగుల్ల కొంగలు ఉండనే ఉన్నవి. పొద్దున్నే వెళ్ళి, మైకు, పాటల పెట్టె లేకుండా ఒడ్డున కూర్చుంటే ఇవి చాలా దగ్గరగా కనిపిస్తాయి. బాతులు లేచి ఎగిరిపోయాయంటే మనం ఎక్కువ దగ్గరకు పోయామని అర్థం. పిల్లల బడి పుస్తకంలో హిమాలయాల పాఠం ఉంటే, ఆ హిమాలయాలు దాటి వచ్చిన ప్రాణి ఇదిగో అని వేలు పెట్టి చూపించవచ్చు.

ఇంకా ఒక పూట మిగిలినవారు నిజాంసాగర్ కూడా చూసి పోవచ్చు. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ఆ పెద్ద ప్రాజెక్టును ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ కట్టించారు. ఆయన పుట్టిన జూలై 11ను రాష్ట్రంలో ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు. ఎల్లారెడ్డి నుంచి అక్కడికి కూడా దారి ఉన్నది. పోచారంలో మనం చూసిన నీరు మంజీర వెంట మనకంటే ముందో వెనుకో అక్కడికే చేరుతుంది.